రాజులేని రామనగరము: ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి జీవితము

అరాచకమను మాట నేడు మన వ్యవహారమున నిందావాచకముగా మాత్రమే నిలిచియున్నది. తిరునాళ్లలో తొక్కిసలాట జరిగినను, ఎన్నికలనాడు తలలు పగిలినను, కచేరీలో కాగితము కదలకున్నను అదంతయు అరాచకమే యందురు. పదమును విడదీసి చూచినచో రాజు లేకుండుట యనుటకంటె వేఱర్థము కానరాదు. రాజు లేనిచోట బలవంతుడు బలహీనుని మ్రింగునా, లేక రాజుతో పనిలేనంతటి ధర్మము జనుల నడుమ నెలకొనునా యను ప్రశ్నకు ఆ పదము తనంత తాను సమాధానము చెప్పదు. సమాధానమును మనుష్యుల నడవడిలో వెదకవలసినదే. మన నాదెండ్లకు దక్షిణమున, సముద్రతీరమున నున్న చీరాల పేరాల గ్రామముల జనులు 1921వ సంవత్సరమున తమ యిండ్లు వాకిండ్లు విడిచి ఆ సమాధానము చెప్పబూనిరి. వారిని నడపినవారు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. ఆయనను హాస్యప్రియుడని, గాయకుడని, వక్తయని స్మరించువారు పెక్కుమంది గలరు. ఆయన చేసిన ప్రయోగమునకు అర్థమేమని విచారించినవారు మాత్రము కొలదిమందియే.

జననము, విద్యాభ్యాసము

గోపాలకృష్ణయ్యగారు 1889వ సంవత్సరము జూను 2వ తేదీన కృష్ణా మండలములోని పెనుగంచిప్రోలు గ్రామమున జన్మించిరి. తండ్రి కోదండరామస్వామిగారు, తల్లి సీతమ్మగారు. పుట్టిన మూడవనాడే తల్లి గతించెను. మూడేండ్లు నిండునప్పటికి తండ్రియు గతించెను. పినతండ్రి, నాయనమ్మ ఆ బాలుని పెంచిరి. తల్లిదండ్రుల శాసన మెఱుగని బిడ్డడు సాధారణముగా దారి తప్పునని లోకులందురు. ఈ బాలుడు తన కేది యిష్టమో దానియందు తానే కఠినమైన నియమమును విధించుకొని పెరిగెను. సంగీతమన్నను, సాహిత్యమన్నను, నాటకమన్నను ఆయనకు ప్రాణము. పాఠ్యపుస్తకములయం దంతటి మక్కువ లేకుండెను.

గుంటూరున ఉన్నతపాఠశాల చదువు ముగిసిన పిమ్మట బాపట్ల తాలూకా కచేరీలో ఆయన కొంతకాలము ఉద్యోగము చేసెను. ఈ సంగతి చిన్నదిగా తోచును గాని విడువదగినది కాదు. ప్రభుత్వ మనునది సామాన్యునకు గవర్నరు రూపమున గాని, చక్రవర్తి రూపమున గాని కనబడదు. తాలూకా కచేరీ గుమ్మమున, శిస్తు రసీదులో, జప్తు నోటీసులో కనబడును. ఆ గుమ్మమునకు లోపలివైపున కూర్చుండి చూచిన అనుభవము గోపాలకృష్ణయ్యగారికి యౌవనముననే కలిగెను.

1911లో తన మిత్రుడు నడింపల్లి వెంకట లక్ష్మీనరసింహారావుగారితో కలిసి ఆయన సముద్రము దాటి స్కాట్లండు దేశములోని ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చట అర్థశాస్త్రమున ఎం.ఏ. పట్టమును సంపాదించెను. ఆ విదేశవాసకాలముననే కళావేత్తయగు ఆనంద కుమారస్వామితో ఆయనకు స్నేహమేర్పడెను. వారిరువురు కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లభాషలోనికి మార్చిరి. ఆ గ్రంథమును అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమువారు 1917లో ముద్రించిరి. తెలుగువాని పేరు అట్టి గ్రంథము ముఖపత్రమున నచ్చుపడుట ఆ దినములలో సామాన్యమైన విషయము కాదు.

అరాచకమునకు రెండు ముఖములు

ఆ కాలమున ఐరోపా ఖండమున అరాచకవాదమను నొక రాజనీతి సిద్ధాంతము పండితుల చర్చలలోను, పోలీసుల దస్త్రములలోను సమానముగా తిరుగాడుచుండెను. ఆంగ్లేయుడగు విలియం గాడ్విన్ 1793లోనే రాజ్యశాసనము మానవుని వివేకమునకు ప్రతిబంధకమని వాదించెను. ఫ్రాన్సు దేశపు ప్రూధాన్ 1840లో అరాచకవాది యను పేరును నిందగా గాక బిరుదుగా తానే ధరించెను. రష్యా ప్రభువంశీయులలో నొకడైన క్రొపాట్కిన్ 1902లో ప్రకటించిన గ్రంథమున, జంతువులలోను మనుష్యులలోను జాతులు నిలిచినది పోరాటముచేత మాత్రమే కాదు, పరస్పర సహాయముచేత ననియు సోదాహరణముగా నిరూపింప యత్నించెను. టాల్‌స్టాయి ఆ పేరును పెట్టుకొనకయే, హింసమీద నిలిచిన యే ప్రభుత్వమును క్రైస్తవుడు సమ్మతింపరాదని బోధించెను.

వీరందఱు చెప్పినది నియమము వలదని కాదు. పైనుండి కత్తిచూపి విధించెడు నియమమునకు బదులు, కలిసి బ్రదుకువారు కూర్చుండి యేర్పఱచుకొన్న నియమము కావలయునని. అయినను ఆ పేరు చెప్పుకొన్నవారిలో కొందఱు బాంబులను పట్టిరి. 1900లో ఇటలీ రాజు ఉంబర్టో, 1901లో అమెరికా అధ్యక్షుడు మెకిన్లీ అట్టివారి చేతులలో హతులైరి. అప్పటినుండి ఆ మాట వినగానే లోకమునకు తుపాకియే జ్ఞప్తికి వచ్చుట మొదలాయెను. గాడ్విన్ తర్కమును చదివినవారు వందలైనచో, మెకిన్లీ హత్యావార్తను చదివినవారు లక్షలు గదా! మన దేశమున ఆంగ్లప్రభుత్వమువారు 1919లో చేసిన రౌలటు చట్టమునకు అరాచక విప్లవ నేరముల చట్టమనియే పేరు పెట్టిరి. వంగదేశపు యువకులు కోరినది స్వదేశ ప్రభుత్వమే గాని ప్రభుత్వము లేకుండుట కాదు. అయినను సర్కారువారి వ్రాతలో వారందఱు అరాచకులే యైరి.

ఇది కొత్తగా వచ్చిన చిక్కు కాదు. మన పూర్వులకును ఈ రెండర్థములు తెలియును. రామాయణమున దశరథుడు మరణించిన మఱునాడు మహర్షులు వసిష్ఠుని యెదుట రాజులేని దేశమున కలుగు అనర్థములను వరుసగా చెప్పుదురు. వానలు, పైరులు, వర్తకము, కుటుంబధర్మము సమస్తమును చెడునని వారి భయము. మహాభారతమున శాంతిపర్వమందు భీష్ముడు ధర్మరాజునకు మఱియొక చరిత్ర చెప్పును. ఆదియుగమున రాజునకును, శిక్షకును తావే లేక జనులు ధర్మబద్ధులై యొండొరులను కాపాడుకొనిరట. మోహము, లోభము ప్రవేశించిన పిదపనే దండనీతి పుట్టవలసివచ్చెనట. ఆ పర్వముననే మత్స్యన్యాయమునకు వెఱచిన ప్రజలు మనువును రాజుగా చేసికొని, ధాన్యమున పదియవవంతు, పశువులయందును బంగారమునందును ఏబదియవవంతు ఇత్తుమని యొడంబడిక చేసికొన్న కథయు కలదు. పన్ను అనునది ధర్మము తగ్గినంత మేర ప్రజలు చెల్లించు వెల యని ఈ కథల తాత్పర్యము. రాజులేమి మత్స్యన్యాయము కావచ్చును, కృతయుగము కావచ్చును. భేదము ప్రజల నడవడియం దున్నది.

ఆనంద కుమారస్వామి 1918లో ప్రకటించిన శివతాండవ వ్యాససంపుటమున సరిగా ఈ భేదమునే చూపెను. ప్రతివాడును తన యహంకారమును నెగ్గించుకొనజూచుట వలన కలుగు గందరగోళము ఒకటి. ఇతరులమీద పెత్తనము చేయు కోరికను మనుష్యుడు తానై విడుచుటవలన కలుగు శాంతి మఱియొకటి. రెంటిని ఒకే మాటతో పిలుచుటచే లోకము భ్రమపడుచున్న దని ఆయన వాదము. ఆ సహచరునితో కూర్చుండి గ్రంథరచన చేసిన గోపాలకృష్ణయ్యగారు తన్ను తాను అరాచకవాది యని యెన్నడును పేర్కొనలేదు. ఆయన రామభక్తుడు, శాస్త్రములయందు గౌరవము గలవాడు. ఐరోపా అరాచకవాదులలో పెక్కుమంది దైవమును, మతమును కూడ త్రోసిపుచ్చిరి. ఈయన ఆదర్శము ప్రాచీన గ్రామజీవనము. దారులు వేఱైనను రెండు దారులును కలిసికొను కూడలి యొకటి కలదు. ఆ కూడలి పేరే రామనగరము.

చీరాల పేరాల

స్వదేశమునకు వచ్చిన పిదప గోపాలకృష్ణయ్యగారు రాజమహేంద్రవరమునను, బందరు జాతీయ కళాశాలయందును ఉపాధ్యాయులుగా పనిచేసిరి. పైయధికారులతో ఆయనకు పొసగలేదు. ఉద్యోగములను విడిచి చీరాల చేరి, ప్రాచీన విద్యలను, కళలను పునరుద్ధరించుటకై ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠిని స్థాపించిరి. శ్రీరామదండు అను స్వచ్ఛంద సేవకుల దళమును కూర్చిరి. కాషాయవస్త్రములు, రుద్రాక్షలు, నుదుట తిలకము వారి వేషము. సుమారు వేయిమంది ఆ దండున చేరిరి. కొలువు లేదు, జీతము లేదు, చేత ఆయుధము లేదు. 1921 మార్చి నెలాఖరున బెజవాడలో జరిగిన అఖిలభారత కాంగ్రెసు సంఘ సమావేశమునకు వచ్చిన జనసందోహమును అదుపులో నుంచినది ఈ రామదండే.

చీరాల, పేరాల గ్రామములు నేత పనివారికి, రైతులకు, చిన్న వర్తకులకు నిలయములు. సమీపమున వేటపాలెమున 1918లో సారస్వత నికేతన గ్రంథాలయము వెలసినది. అనగా అక్షరముయొక్క రుచి తెలిసిన సీమ యని యర్థము. ఈ రెండు గ్రామములును కొన్ని పేటలును కలిసి అంతవఱకు ఒక యూనియనుగా నుండి ఏటికి సుమారు 4 వేల రూపాయలు పన్ను చెల్లించుచుండెను. 1919లో ప్రభుత్వమువారు దానిని పురపాలక సంఘముగా మార్ప నిశ్చయించిరి. అందువలన పన్నుభారము సుమారు 40 వేల రూపాయలకు పెరిగెను. నాలుగు నలుబది యగుట లెక్క తెలిసినవానికి చెప్పనక్కఱలేదు. తాగుటకు బావులలో మంచినీరున్నది, పడుగుపేకలతో పొట్ట గడచుచున్నది, మా కీ పురపాలనము వలదని ప్రజలు మహజర్లు పంపుకొనిరి. వినినవారు లేకుండిరి. ఎన్నికైన సభ్యులు రాజీనామాలిచ్చిరి. ప్రభుత్వమువారు జీతగాడైన యధ్యక్షుని నియమించిరి. పన్ను చెల్లింపనివారిలో పన్నిద్దఱిని చెఱసాలకు పంపిరి. అందొక స్త్రీయు నుండెను.

ఇందొక విపరీతము గమనింపదగియున్నది. ఈ పనులన్నియు చేసిన శాఖకు స్థానిక స్వపరిపాలన శాఖ యని పేరు. స్వపరిపాలనమును ప్రజలపై బలవంతముగా రుద్దినచో అందు స్వ యెక్కడ, పర యెక్కడ? గోపాలకృష్ణయ్యగారి వాక్చాతుర్యమున కింతకంటె తగిన వస్తువు దొరకదు. ఆయన పాటలతోను, చాటుపద్యములతోను, హరికథవంటి ఉపన్యాసములతోను ఈ విపరీతమును వీథి వీథిని వివరించిరి. నవ్వు పుట్టినచోట భయము నిలువదు.

1921 ఏప్రిలు 6వ తేదీన గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చెను. ఆయన ప్రజలకు రెండు మార్గములు చూపెను. ఊరిలోనే యుండి, పన్ను చెల్లింపక, జప్తులను, చెఱను శాంతముగా సహించుట యొకటి. పురపాలక సంఘపు హద్దులు దాటి ఊరు విడిచిపోవుట రెండవది. ఏది చేసినను కాంగ్రెసు సహాయమును నమ్ముకొనక, తమ బలముమీదనే చేయవలెనని ఆయన హెచ్చరించెను. ఈ మహాత్ముడే 1916 ఫిబ్రవరిలో కాశీలో మహారాజుల సమక్షమున తానును ఒక విధమైన అరాచకుడనే యని, అయితే బాంబుల తెగకు చెందినవాడను కానని చెప్పి సభను కలవరపెట్టియుండెను. ఆయన చూపిన రెండు మార్గములలో గోపాలకృష్ణయ్యగారును ప్రజలును రెండవదానినే యెన్నుకొనిరి.

రామనగరము

ఆ యేప్రిలు మాసాంతమున రెండూళ్లును కదలినవి. సుమారు 15 వేల జనాభాలో 13 వేలకు పైగా జనులు పురపాలక సంఘపు హద్దుల వెలుపల గుడిసెలు వేసికొని చేరిరి. మగ్గములు, ధాన్యపు గరిసెలు, పసిబిడ్డలు, ముదుసళ్లు, పశువులు, దేవతాపటములు అన్నియు బండ్లకెక్కినవి. ఆ కొత్త పల్లెకు రామనగరమని పేరిడిరి. రాముడు అడవికి వెడలుచుండగా అయోధ్యాపురజనులును వెంబడించి తమసాతీరమువఱకు వచ్చిరి. ఒక్క రాత్రి గడచునప్పటికి తిరిగి యిండ్లకు పోయిరి. చీరాల పేరాల జనులు నడివేసవి యెండలలో మొదలుపెట్టి, వానకాలమును, చలికాలమును పాకలలోనే గడపి 11 నెలలు నిలిచిరి.

పన్ను చెల్లింపమను తగవులు చరిత్రలో పెక్కు గలవు. రామనగరమున విశేషమేమన, ఉన్న ప్రభుత్వమును ధిక్కరించుటతో వారు తృప్తినొందలేదు. దానితో పనిలేకుండ బ్రదుకు నడపుట యెట్లో చూపబూనిరి. అన్ని కులములవారును ఎన్నుకొన్న ప్రతినిధులతో నొక సభ యేర్పడెను. తగవులు తీర్చుటకు పంచాయతి యేర్పడెను. రాత్రులందు రామదండువారు గస్తీ తిరిగిరి. కోర్టుఫీజు బిళ్ల లేని న్యాయము, లాఠీ లేని కావలి అచ్చట నడచెను. విడిచివచ్చిన యిండ్లు వట్టివై పడియుండగా దోపిడీకి పూనక, అధికారులమీద చేయి చేసికొనక, కలిగినంతలో పంచుకొని బ్రదికిరి. అరాచకము నెలకొన్నదని మదరాసు కచేరీలో వ్రాసికొన్నచో, ఆ మాటకు తొలి యర్థము ప్రకారము అది సత్యమే. రాజు లేడు. మత్స్యన్యాయమును లేదు.

ఆ సంవత్సరముననే మన పలనాట పుల్లరి చెల్లింపక ప్రజలు అటవీశాఖ నెదిరించిరి. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు బలియయ్యెను. పెదనందిపాడు ప్రాంతమున పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున శిస్తు నిరాకరణము సాగెను. గ్రామ కరణములు, మునసబులు పెక్కుమంది తమ యుద్యోగములకు రాజీనామాలిచ్చిరి. ఇది సామాన్యమైన త్యాగము కాదు. ఎన్నో తరములుగా ఆ కుటుంబములకు లెక్కల కట్టయే ఆస్తి, గౌరవము. నాదెండ్ల యను గ్రామనామమును ఇంటిపేరుగా ధరించిన గోపమంత్రి శ్రీకృష్ణదేవరాయల కాలమున కొండవీటి దుర్గము నేలెను. అనగా ఈ సీమకు రాజ్యాధికారపు మర్యాద వంశపరంపరగా వచ్చినది. అట్టి సీమలోని గ్రామోద్యోగులు దస్త్రములు అప్పగించి యింట కూర్చుండినప్పుడే ప్రభుత్వము ఎవరి భుజములమీద నిలిచియున్నదో అందఱకును తెలిసిపోయెను. వ్రాయువాడు కలము దించినచో కలెక్టరుకచేరీకి కన్నులు లేవు. ఆ గ్రామోద్యోగములే 1984లో రద్దయినవి. దస్త్రములు చేతులు మారినను ఆ సత్యము మాఱలేదు.

కారాగారము, పునరాగమనము

రామనగరమును పోషించుటకు ధనము కావలయును. నేత సాగని దినములలో కూలిజనులకు గంజి పోయవలసియుండెను. నిధి వసూలు చేయుటకు గోపాలకృష్ణయ్యగారు దేశముమీద తిరుగుచు బరంపురము చేరిరి. అచ్చట ఉపన్యసింపరాదని విధించిన యాజ్ఞను ఉల్లంఘించినందులకు 1921లో ఆయనను నిర్బంధించిరి. జామీను ఇచ్చుటకు ఆయన నిరాకరించెను. ఒక సంవత్సరము శిక్ష పడెను. తిరుచిరాపల్లి చెఱసాలకు పంపిరి.

నాయకుడు దూరమైన పిమ్మట మిత్రుడగు లక్ష్మీనరసింహారావుగారు ఉద్యమభారమును మోయ ప్రయత్నించిరి. కాని నిధులు తరిగినవి, పాకలు పాతబడినవి, వ్యాధులు, అప్పులు పెరిగినవి. 1922 ఫిబ్రవరి 4వ తేదీన చౌరీచౌరాలో పోలీసులు దగ్ధులైరి. ఆ నెల 12వ తేదీన బార్డోలీలో కాంగ్రెసు కార్యసంఘమువారు సహాయనిరాకరణమును నిలిపిరి. పెదనందిపాటిలో శిస్తులు చెల్లించిరి. రామనగరవాసులును ఒకరొకరుగా, తుదకు అందఱును పాత యిండ్లకు మరలిరి. పురపాలక సంఘము నిలిచెను, రామనగరము నిలువలేదు.

దీనిని పరాజయమనక వేఱేమందుము? అయితే ఎచ్చట ఓడినదో నిదానముగా చూడవలసియున్నది. ప్రభుత్వము లేనిచో జనులు కొట్టుకొని చత్తురు గదా యను వాదము రామనగరమున ఋజువు కాలేదు. 11 నెలలలో అట్టి దేమియు జరుగలేదు. రామనగరము లోపలి కలహముచేత కూలలేదు. అది దారిద్ర్యముచేతను, ఒక్క మనుష్యునిమీద మోయలేనంతటి భారమును మోపుటచేతను కూలినది. రాజును వదలినవారు నాయకుని వదలలేకపోయిరి. గోపాలకృష్ణయ్యగారి కంఠము వినబడినంతకాలము గుడిసెలలో ధైర్యముండెను. ఆ కంఠమును తిరుచిరాపల్లి గోడలు మూసినంతనే ధైర్యము క్షీణింపసాగెను. రాజులేని సంఘమునకు ప్రతివాడును కొంత రాజు కావలయును. ఆ పాఠము 13 వేల మందికి 11 నెలలలో పూర్తిగా పట్టువడుట కష్టము. పట్టువడినంతవఱ కైనను అది మన చరిత్రలో అపూర్వమే.

మూడు అపార్థములు

ఈ యుద్యమమును మూడు తెగలవారు మూడు విధముల అపార్థము చేసికొనిరి. మొదటివారు అధికారులు. శాసనమును ఉల్లంఘించుట యన్నచో శాంతిని భంగపఱచుట యనియే వారి నిఘంటువు. శాసనభంగమునకును శాంతిభంగమునకును భేద మున్నదని వారి కెప్పుడును తోచలేదు. రామదండు కాషాయములను చూచినపుడు వారికి సన్న్యాసుల నియమము కనబడలేదు, తిరుగుబాటు సేన కనబడెను.

రెండవవారు విద్యాధికులు. పురపాలక సంఘమనగా దీపములు, కాలువలు, వైద్యశాల, పరిశుభ్రత. ఇట్టి యభివృద్ధిని త్రోసివేయుట మూఢత్వము గదా యని వారనిరి. ఈ యాక్షేపణను తేలికగా కొట్టివేయరాదు. మురుగుకాలువ లేని వీథిలో స్వేచ్ఛ యెంత యున్నను కలరా రాకమానదు. నేటి చీరాలలో పురపాలక సంఘము లేకుండవలెనని యెవరును కోరరు. కాని గోపాలకృష్ణయ్యగారి వాదము కాలువ వలదని కాదు. కాలువ యెప్పుడు, ఎంత ఖర్చుతో, ఎవరి సమ్మతితో త్రవ్వవలెనో నిశ్చయించువారు ఆ వీథివారు కావలెనని. రామనగరము వీథులను ఊడ్చినవారు జీతగాండ్రు కారు, ఆ వీథివారే. మఱి పెద్ద పట్టణమునకు, విశాలదేశమునకు, పొరుగున శత్రువున్న రాజ్యమునకు ఆ పద్ధతి చాలునా యను ప్రశ్న మిగిలియే యున్నది. 11 నెలల ప్రయోగము దానికి సమాధానము చెప్పజాలదు.

మూడవవారు ఆయనను మెచ్చుకొన్నవారే. వీరి యపార్థమే యెక్కువ హానికరము. వీరు ఆ చరిత్రయంతటిని ఒక వీరుని కథగా మార్చిరి. పన్నుల పోరాటమని, స్వాతంత్ర్యసమరమున ఒక ఘట్టమని చెప్పి విగ్రహమునకు దండవేసిరి. ఇంటిగడప దాటి గుడిసెలో కానుపైన తల్లియు, మగ్గమును విప్పి మరల పాతిన నేతగాడును, రాత్రియంతయు గస్తీ తిరిగిన యువకుడును ఆ కథలో వెనుకబడిరి. ప్రజలు తమ్ము తాము నడపుకొనిరి యనుటకంటె ఒకడు ప్రజలను నడపె ననుట చెప్పుటకు సులభము, వినుటకు ఇంపు. అట్లు చెప్పిన ప్రతిసారియు రామనగరపు అర్థము మఱికొంత మఱుగుపడును.

అటుపిమ్మట ఆ యర్థము మనదేశమున పూర్తిగా నశింపలేదు. 1951 ఏప్రిలు 18వ తేదీన తెలంగాణములోని పోచంపల్లియందు భూదానమునకు నాంది పలికిన వినోబాభావే, శాసనముతో పనిలేని సంఘమును సర్వోదయమునకు తుదిగమ్యముగా చెప్పుచుండెను. బెజవాడలో నాస్తిక కేంద్రమును నడపిన గోరాగారు పార్టీలు లేని ప్రజాస్వామ్యమును కోరిరి. ఒకరు భక్తుడు, ఒకరు నాస్తికుడు. ఇరువురును గాంధీగారి శిష్యులే. వారికి ముందే తెలుగునేలమీద ఆ తలంపునకు ఊరొకటి కట్టి చూపినది గోపాలకృష్ణయ్యగారు.

తుదిదినములు

చెఱనుండి విడుదలయైన పిమ్మట గోపాలకృష్ణయ్యగారు కాంగ్రెసు రాజకీయములందు తిరిగి పాల్గొనిరి. చిత్తరంజన దాసు, మోతిలాలు నెహ్రూగార్లు స్థాపించిన స్వరాజ్యపక్షమున చేరిరి. ఆయనకు పదవులు నప్పలేదు. జానపద కళలను, ప్రాచీన సంగీతమును ఉద్ధరింపవలెనను కోరిక మాత్రము వదలలేదు. ఉన్న సొమ్ము ఉద్యమమునకు పోయెను. దేహమున క్షయవ్యాధి ప్రవేశించెను. భార్య దుర్గాభవానమ్మగారు ఆ దారిద్ర్యమును ఆయనతో సమానముగా పంచుకొనిరి. 1928 జూను 10వ తేదీన, ముప్పది తొమ్మిదేండ్ల ప్రాయముననే ఆయన పరమపదించిరి. ఎడింబరో పట్టమును, హార్వర్డు గ్రంథమును, ఆంధ్రరత్న బిరుదమును ఉన్న మనుష్యుడు కుటుంబమునకు ధనమేమియు మిగుల్చలేదు. విజయవాడలోని కాంగ్రెసు కార్యాలయమునకు ఆంధ్రరత్నభవనమని ఆయన పేరే పెట్టిరి. పెత్తనమునకు దూరమైనవాని పేరు రాజకీయపక్షపు కార్యాలయమునకు అమరుటను ఆయన జీవించియున్నచో తప్పక చాటుపద్యముగా చెప్పియుండును.

ఆయన జీవితమునుండి గ్రహింపవలసినది ప్రభుత్వము వలదనుట కాదు. పల్లెలో నివసించువారికి ప్రభుత్వము చేయు మేలును తెలియును, కీడును తెలియును. గ్రహింపవలసినది కొలత. ఏ పనికైతే పోలీసును, జప్తుదారును పిలువకుండ జనులు తామై సమకూడి నెఱవేర్చుకొందురో, ఆ పని మేరకు వారు స్వతంత్రులు. పిలువవలసివచ్చిన ప్రతి పనిలోను వారు పరతంత్రులే, చక్రవర్తి లండనులో నున్నను, మంత్రి రాజధానిలో నున్నను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ కూడినది మొదలు మన పల్లెలలో పుట్టిన గ్రంథాలయములు పెక్కు ఇట్టి పనులే. చందా యిమ్మని యెవరును నోటీసు పంపలేదు. పుస్తకము తీసికొనిపోయినవాడు తిరిగి తెచ్చుట చట్టమునకు వెఱచి కాదు, తరువాతి చదువరి యెదురుచూచుచుండునని యెఱిగి. పుస్తకము తిరిగి రాని దినములును కలవు. బీరువాలో ఆ ఖాళీ కనబడినప్పుడెల్ల రామనగరము ఎందుకు నిలువలేదో కొంత తెలియును. ఖాళీలు తక్కువగానున్న బీరువాను చూచినపుడు అది 11 నెలలు ఎట్లు నిలిచెనో కూడ తెలియును.